ఆరోగ్య బీమా కార్డు ఏ మోసాన్ని ఆపగలదు? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డుల గురించినవే. అన్నీ గోదావరి డెల్టా ఊళ్ల నుంచి వచ్చినవే కనుక వాటిలో ఐదింటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరినీ ఊళ్ల పేర్లతోనే ప్రస్తావిస్తున్నాను.

పాలకొల్లు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: ప్రభుత్వ ఆరోగ్య బీమాలో దొంగ బిల్లులు పెడుతున్నారని పత్రికల్లో తరచు చదువుతున్నాం. మా ఇంట్లో ఉన్న కార్డు మీద నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ ఉంది తప్ప బ్యాంకు కార్డుకు ఉన్నట్టు చిప్పు లేదు. అందరికీ చిప్పు ఉన్న స్మార్ట్ కార్డు ఇస్తే ఈ మోసాలు ఆగిపోవా?

సమాధానం: కొన్ని ఆగుతాయి మాస్టారూ. మీరు పత్రికల్లో చదువుతున్నవాటిలో పెద్దవి మాత్రం ఆగవు. దానికి కారణాన్ని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

మీ కార్డు మీది గళ్ల గుర్తు ఒక చిరునామా వంటిది. దాన్ని స్కాన్ చేస్తే కంప్యూటరులో మీ కుటుంబ వివరాలున్న పుట తెరుచుకుంటుంది, అంతకు మించి అది చేసేదేమీ లేదు. ఆ గుర్తును సెల్‌ఫోనుతో ఫొటో తీసి జిరాక్సు షాపులో ప్రింటు వేయించినా అలాగే పనిచేస్తుంది. చిప్పు కార్డు తీరు వేరు. వేలిగోరంత ఉండే ఆ చిప్పులో బయటికి చదవడానికి వీలులేని ఒక రహస్య సంఖ్య ఉంటుంది. కార్డును యంత్రంలో పెట్టిన ప్రతిసారీ యంత్రం ఒక కొత్త సంఖ్యను పంపి, దాన్ని నీ రహస్యంతో కలిపి లెక్క కట్టి జవాబు చెప్పమని చిప్పును అడుగుతుంది. జవాబు సరిపోతేనే కార్డు అసలుదని నమ్ముతుంది. నిన్నటి జవాబును ఎవరైనా దొంగిలించినా ఈరోజు ప్రశ్న వేరు కనుక అది అక్కరకు రాదు. అందువల్ల దొంగ కార్డు తయారుచేయడం చాలా కష్టమవుతుంది.

మన దేశంలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేసినది 2008లో కేంద్ర కార్మిక శాఖ ప్రారంభించిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన. పేద కుటుంబంలో ఐదుగురి వరకు ఏడాదికి రూ.30,000 మేరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆ పథకంలో కుటుంబం నమోదుకు చెల్లించేది రూ.30 మాత్రమే. దాని రూపకల్పనలో ఎంతో ముందుచూపు ఉందని నా నమ్మకం. ఊళ్లోనే శిబిరం పెట్టి, ఫొటోలు, వేలిముద్రలు తీసుకుని, అక్కడికక్కడే కార్డు ముద్రించి చేతికి ఇవ్వాలన్నది నియమం. శిబిరంలో ఉండే ప్రభుత్వ ఉద్యోగి తన సొంత కార్డును యంత్రంలో పెట్టి ధ్రువీకరిస్తే తప్ప కుటుంబం కార్డు చెల్లదు కనుక, లేని కుటుంబాలను కాగితం మీద పుట్టించడం బీమా కంపెనీ ఏజెంటు ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఆసుపత్రిలో రోగి వేలిముద్రను చిప్పులో ఉన్న ముద్రతోనే పోల్చేవారు కాబట్టి ఇంటర్నెట్ లేని చోట కూడా పని ఆగేది కాదు. వలస కూలీ కోరితే కార్డును రెండుగా విడదీసి, ఒకటి ఇంటి దగ్గర, ఒకటి పనికి వెళ్లిన ఊళ్లో వాడుకునే ఏర్పాటు కూడా చేశారు.

ఇంత జాగ్రత్త తీసుకున్న పథకంలోనే 2012లో బీహార్‌లోని సమస్తిపూర్ జిల్లాలోనూ, ఛత్తీస్‌గఢ్‌లోనూ అవసరం లేకుండా స్త్రీలకు గర్భసంచులు తొలగించిన ఉదంతాలు బయటపడ్డాయి. వాళ్లు కల్పించిన పేర్లు కారు. కార్డు వాళ్లదే, యంత్రం మీద పెట్టిన వేలూ వాళ్లదే. పొత్తికడుపు నొప్పి అని వచ్చిన స్త్రీని కార్డు సరిగ్గానే గుర్తుపట్టింది. ఆమెకు ఆ ఆపరేషన్ అవసరమా, మందులతో తగ్గే బాధకు కోత ఎందుకు అని అడగవలసిన మనిషి మాత్రం ఆ వరుసలో ఎక్కడా లేకపోయారు. ఈ అంశంపై ఎప్పుడు రాసినా నాకు మొదట గుర్తుకు వచ్చేది ఆ స్త్రీలే. ప్రభుత్వ ఖజానా నుంచి పోయిన సొమ్మును తిరిగి వసూలు చేయవచ్చు, వాళ్లకు జరిగిన నష్టాన్ని పూడ్చే మార్గం ఏదీ లేదు.

ఇదే ప్రశ్నను అమెరికాలో లెక్కలతో పరిశీలించారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ పథకానికి స్మార్ట్ కార్డులు తేవాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ దేశపు పార్లమెంటు తరఫున ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ 2010లో పరిష్కారమైన 739 వైద్య మోసాల కేసులను ఒక్కొక్కటిగా చూసి, 2016లో నివేదిక ఇచ్చింది. కార్డు ఉండి ఉంటే ప్రభావం చూపగలిగే కేసులు వాటిలో 165, అంటే సుమారు 22 శాతం మాత్రమేనని తేలింది. మిగిలినవాటిలో చాలావరకు వైద్యుడో, రోగో, ఇద్దరూనో మోసంలో భాగస్వాములు. తెలిసి కార్డు చేతికిచ్చేవాడిని కార్డు ఎలా ఆపుతుంది?

ఫ్రాన్స్ అనుభవం నుంచి మనం తీసుకోదగినది ఒకటుంది. అక్కడ 1998 నుంచి ప్రజలకు చిప్పు ఉన్న ఆరోగ్య బీమా కార్డులు ఇస్తున్నారు. మొదట్లో వాటి మీద ఫొటో ఉండేది కాదు, 2007లో వచ్చిన కొత్త కార్డు మీద ఫొటో చేర్చారు. నాకు నచ్చినది ఫొటో విషయం కన్నా మరొకటి. అక్కడ వైద్యుడికి కూడా ఒక కార్డు ఉంటుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో బిల్లు పంపాలంటే రోగి కార్డుతో పాటు తన కార్డునూ యంత్రంలో పెట్టాలి. దానివల్ల ఈ వైద్యం ఫలానా వైద్యుడు చేశాడని నమోదవుతుంది, తర్వాత నాకు తెలియదనడానికి వీలుండదు. మన దగ్గర గుర్తింపు భారమంతా రోగి వేలి మీదే పెట్టి, కేస్ షీటు మీద సంతకం చేసిన వైద్యుడిని గుర్తించే విషయంలో అంత పట్టుదల చూపడం లేదు.

మన రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో ముందస్తు అనుమతి అనే ఏర్పాటు ఉంది. శస్త్రచికిత్సకు ముందు స్కానింగు, పరీక్షల ఫలితాలు, రోగి ఫొటో పథకాన్ని నడిపే ట్రస్టు వైద్యులకు పంపితే, వారు చూసి అనుమతిస్తారు. అవసరంలేని కోతను ఆపగలిగేది ఈ మెట్టే. చిన్న ప్యాకేజీ వైద్యం చేసి పెద్ద ప్యాకేజీకి బిల్లు పెట్టడం, రెండు రోజుల్లో ఇంటికి పంపిన రోగిని ఐదు రోజులు మంచం మీద ఉన్నట్టు చూపడం వంటివి పట్టుబడాలంటే ఈ కాగితాలను చదివే వైద్యులు, చెప్పకుండా వార్డుకు వచ్చి మంచాలు లెక్కపెట్టే తనిఖీదారులు తగినంతమంది ఉండాలి. కొత్త కార్డుల ముద్రణకు ఖర్చు పెట్టే ముందు ఆ మనుషులను నియమించాలన్నది నా అభిప్రాయం.

కార్డు అక్కర్లేదని నా మాటలకు అర్థం చేసుకోవద్దు. పేరు ఒకరిది, వైద్యం మరొకరిది అయ్యే మోసాన్నీ, మనిషి రాకుండానే వచ్చినట్టు రాసే మోసాన్నీ గుర్తింపు వ్యవస్థే ఆపాలి. ఆయుష్మాన్ భారత్ పథకంపై 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదికలో 7,49,820 మంది లబ్ధిదారుల పేర్లకు ఒకటే సెల్ నంబరు, పది తొమ్మిదులు, నమోదై ఉన్నట్టు బయటపడింది. అర్హత నిర్ణయానికి సెల్ నంబరును వాడడం లేదని కేంద్రం వివరణ ఇచ్చింది. అది నిజమే కావచ్చు. కానీ మీ పేరు మీద వైద్యం జరిగిందన్న కబురు ఆ నంబరుకే రావాలి కదా. ఎవరిదీ కాని నంబరుకు వెళ్లిన కబురును ఎవరు చదువుతారు?

అంబాజీపేట నుంచి ఒక పీచు కార్మికురాలు (కుమార్తె చేత రాయించిన ఉత్తరం): ఇరవై ఏళ్లుగా కొబ్బరి పీచు పని చేస్తున్నాను. రేషన్ దగ్గర కూడా నా వేలిముద్ర సరిగా పడదు. ఆసుపత్రిలో వేలు పడకపోతే వైద్యం చేయరని మా వీధిలో అంటున్నారు. నిజమేనా అండీ?

సమాధానం: నిజం కాదమ్మా. అయితే మీ భయంలో అర్థం ఉంది. గత ఏడాది మా పెద్దమ్మను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడా కొబ్బరి ఒలుపు దగ్గర, పీచు దగ్గర పనిచేసిన మనిషే. కౌంటరులో అమ్మాయి చిన్న యంత్రాన్ని ముందుకు జరిపింది. పెద్దమ్మ కుడి బొటనవేలు పెట్టింది, ఎర్రలైటు. చూపుడువేలు పెట్టింది, మళ్లీ ఎర్రలైటు. అమ్మాయి గాజును చున్నీ అంచుతో తుడిచింది, పెద్దమ్మ చీర కొంగుకు వేళ్లు గట్టిగా రుద్దుకుంది. కొబ్బరి డొక్కలు పట్టీ పట్టీ అరిగిపోయి నున్నగా మెరుస్తున్న ఆ వేలి కొనల మీద గీత అన్నది నా కంటికే కనబడలేదు, యంత్రానికి ఎక్కడ కనబడుతుంది? తొమ్మిదో సారికి ఎడమ చేతి ఉంగరపు వేలు పడింది. ఆ పావుగంటసేపూ ఆవిడ ఏదో తప్పు చేసినదానిలా తల దించుకుని నిలబడింది. కష్టపడి పనిచేసినందుకు చేతులు అరిగిన మనిషి దొంగలా నిలబడవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పీచు పని, వరి నాట్లు, రొయ్యల శుద్ధి కేంద్రాల్లో ఐసు నీళ్లలో చేసే పని, ఇవన్నీ వేలిగీతలను అరగదీసేవే. మన ప్రాంతంలో ఇది ఏ ఒక్కరికో వచ్చే ఇబ్బంది కాదని అధికారులు గుర్తించాలి. మీరు చేయవలసినది ఇది. ఆసుపత్రి అవసరం రాకముందే ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు, కంటిపాప మళ్లీ నమోదు చేయించుకోండి, పనిలో ఉన్న సెల్ నంబరును ఆధార్‌కు జత చేయించండి. వెళ్లే ముందు రెండు మూడు రోజులు పనికి విరామం ఇవ్వగలిగితే ముద్ర మెరుగ్గా వస్తుంది. తడికి ముడతలు పడిన వేళ్లతో మాత్రం వెళ్లవద్దు. ఆసుపత్రిలో వేలు పడకపోతే పదివేళ్లూ ప్రయత్నించమని అడగండి. అప్పటికీ పడకపోతే కంటిపాప, ముఖం, ఫోనుకు వచ్చే ఓటీపీ వంటి ఇతర మార్గాల్లో గుర్తింపు చేయమని, ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్రను అడగండి. ఆధార్‌పై సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న ఇచ్చిన తీర్పులోనూ, యంత్రం గుర్తించలేదన్న కారణంతో అర్హులకు రావలసినది ఆగిపోకూడదన్న ఆందోళన స్పష్టంగా ఉంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం మొదలుపెట్టాలి, గుర్తింపు పని తర్వాత చూసుకోవచ్చు.

రాజోలు దగ్గర ఒక గ్రామం నుంచి ఒక గృహిణి: మా ఆయన కువైట్‌లో ఉన్నారు. మా మరిదికి కార్డు లేదు. ఆపరేషన్ అవసరమైతే మా ఆయన పేరు మీద చేర్పిస్తామని తెలిసినవాళ్లు ఒకరు అంటున్నారు. డబ్బు ప్రభుత్వానిదే కదా, ఎవరికీ నష్టం లేదు కదా అని మా ఇంట్లో అందరూ అంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు.

సమాధానం: మీ మనసు చెబుతున్నదే సరైనదమ్మా. చట్టం సంగతి అలా ఉంచి, ముందు మీ మరిది ప్రాణం సంగతి చూడండి. ఆసుపత్రి రికార్డులో రక్తం గ్రూపు, షుగరు, పడని మందులు, పాత ఆపరేషన్లు అన్నీ కార్డులో ఉన్న మనిషి పేరు మీదే రాస్తారు. మీ ఆయన వివరాలు చూసి మీ మరిదికి మందు ఇస్తే ఏమవుతుందో ఊహించండి. రేపు మీ ఆయన తిరిగి వచ్చి నిజంగా జబ్బుపడితే, ఆయనకు అంతకుముందే ఆ ఆపరేషన్ అయిపోయినట్టు రికార్డు చెబుతుంది. అదే అవయవానికి రెండోసారి అనుమతి అడిగినప్పుడు ఆపేస్తారు. పాస్‌పోర్టులో ఆయన కువైట్‌లో ఉన్న తేదీలు, ఇక్కడ ఆసుపత్రిలో చేరిన తేదీలు ఒకటే అయితే ఆ మోసాన్ని కనిపెట్టడానికి పెద్ద కంప్యూటరు కూడా అక్కర్లేదు. కేసు పడేది ఆ తెలిసినవాళ్ల మీద కాకుండా మీ కుటుంబం మీద పడుతుంది.

మీ మరిదికి కార్డు ఎందుకు లేదో గ్రామ సచివాలయంలో అడగండి. చాలాసార్లు రైస్ కార్డులో పేరు చేర్చకపోవడమో, పెళ్లయి వేరు కాపురం పెట్టినా కార్డు విడదీయకపోవడమో కారణం అవుతుంది. ఆ పని అయ్యేవరకు ఆగలేని అనారోగ్యమైతే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి. అమలాపురంలో ఏరియా ఆసుపత్రి, కాకినాడలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి, అక్కడ వైద్యానికి కార్డు అడ్డు కాదు.

భీమవరం నుంచి ఒక దుకాణదారుడు: ఆసుపత్రి గడప తొక్కకపోయినా నా పేరున చికిత్స అయినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. ఏం చేయాలి?

సమాధానం: ఆ సందేశాన్ని చెరిపివేయవద్దు. స్క్రీను ఫొటో తీసి ఉంచండి, అందులో ఉన్న లింకును మాత్రం నొక్కవద్దు. సందేశమే నకిలీ అయ్యే అవకాశం కూడా ఉంది. వైద్య సేవ పథకానికైతే 104కు, ఆయుష్మాన్ భారత్‌కైతే 14555కు ఫోను చేసి, మీ పేరు మీద ఏ ఆసుపత్రిలో, ఏ తేదీన, ఏ చికిత్సకు క్లెయిమ్ నమోదైందో అడగండి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఆధార్ వెబ్‌సైటులో గాని, ఎంఆధార్ యాప్‌లో గాని మీ ఆధార్‌ను గత ఆరు నెలల్లో ఎప్పుడెప్పుడు, ఏ పద్ధతిలో ధ్రువీకరించారో చూసుకునే వీలుంది. మీరు వేలు పెట్టని రోజున వేలిముద్ర ధ్రువీకరణ కనబడితే అది మీ ఫిర్యాదుకు గట్టి ఆధారం అవుతుంది. వేలిముద్ర దొంగిలించడం సాధ్యమా అని మీకు అనుమానం రావచ్చు. 2018లో తెలంగాణలో భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల నుంచి రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు పోలీసులు పట్టుకున్నారు. ఈ భయం ఉన్నవారు అదే యాప్‌లో బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చు. అయితే ఇంట్లో పింఛను గాని రేషన్ గాని వేలిముద్ర మీదే తీసుకునేవారు ఉంటే, ఆ రోజున వారి తాళం తీయడం మరిచిపోకండి.

నరసాపురం నుంచి లేసు పని చేసే ఒక మహిళ: మా పేటలో ఉచిత వైద్య శిబిరం పెట్టి అందరి కార్డులు, ఆధార్ జిరాక్సులు తీసుకున్నారు, యంత్రం మీద వేలు పెట్టించారు. కళ్లకు చుక్కల మందు ఇచ్చి పంపారు. కొన్ని ఖాళీ కాగితాల మీద సంతకం కూడా పెట్టించారు. తప్పు చేశామా?

సమాధానం: మీరు తప్పేమీ చేయలేదమ్మా, నమ్మి వెళ్లారు. కంటి పరీక్షకు, చుక్కల మందుకు వేలిముద్రతో గాని ఖాళీ కాగితం మీద సంతకంతో గాని పని లేదు. ఆ రెండూ ఆసుపత్రిలో చేరినట్టు చూపడానికి పనికి వచ్చేవి. శిబిరానికి వెళ్లినవాళ్లంతా కలిసి, శిబిరం జరిగిన తేదీ, చోటు, కరపత్రం ఉంటే అది, ఇచ్చిన మందు సీసా జతచేసి ఒకే ఫిర్యాదుగా 104కు చెప్పండి, సచివాలయంలోని ఏఎన్‌ఎంకు కూడా ఒక ప్రతి ఇవ్వండి. పదిమంది ఒకే రోజున ఒకే రకం చికిత్సకు చేరినట్టు క్లెయిములు వచ్చి ఉంటే, మీ కాగితాన్ని పక్కన పెట్టి చూసినప్పుడు అధికారులకు విషయం వెంటనే అర్థమవుతుంది.

ఇక ముందు ఎవరు యంత్రం ముందుకు జరిపినా, ఇది దేనికి, ఎంత మొత్తానికి అని అడిగి, తెర మీద ఏముందో పిల్లల చేతనైనా చదివించుకున్న తర్వాతే వేలు పెట్టండి. నిజంగా ఆసుపత్రిలో చేరితే, ఇంటికి వచ్చే రోజున డిశ్చార్జి కాగితం తప్పక అడిగి తీసుకోండి. అందులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, చేసిన చికిత్స పేరు, వైద్యుడి పేరు ఉండాలి. ఆ కాగితం చూడగానే మీకు గాని, మీ ఇంట్లో చదువుకున్నవారికి గాని, జరగనిది ఏదైనా రాసి ఉన్నట్టు కనబడితే, అక్కడే వైద్యమిత్రను పిలిచి సరిచేయించండి, సరిచేసిన ప్రతి చేతికి వచ్చేవరకు సంతకం పెట్టవద్దు.